చేతల్లోంచే ధైర్యం

తెలుగు రాష్ట్రాల ఇంజినీరింగ్ కళాశాలల్లో బీటెక్ ఆఖరి సంవత్సరం అంటే ప్లేస్‌మెంట్ల సంవత్సరమే. ఆన్‌లైన్ రాతపరీక్ష, కొన్ని సంస్థల్లో బృందచర్చ, ఆ తర్వాత టెక్నికల్ రౌండ్, చివర హెచ్‌ఆర్ రౌండ్ అంటూ అంచెలుగా సాగే ఈ ఎంపికలో ఎక్కడో ఒకచోట ఆగిపోయిన విద్యార్థికి ఇంట్లోనూ కళాశాలలోనూ తరచుగా వినిపించే సలహా ‘కాన్ఫిడెన్స్ పెంచుకో’ అన్నదే. తెల్లవారుజామున లేచి పరుగెత్తాలని తీర్మానించుకుని వారం తిరగకముందే మానేసిన యువకుడికీ, జిల్లాస్థాయి పోటీలో మొదటి గేమ్ గెలిచి మిగతా రెండూ చేజార్చుకున్న క్రీడాకారిణికీ అందేది అదే సలహా. ఇచ్చేవారి మంచి మనసును శంకించనక్కర్లేదు. కానీ ఆత్మవిశ్వాసాన్ని ముందుగా ఎక్కడినుంచో సమకూర్చుకుని, దాన్ని వెంటబెట్టుకుని పనిలోకి దిగాలన్న భావన ఆ మాట వెనక ఉంది. గత యాభై ఏళ్ల మనోవిజ్ఞాన పరిశోధన ఆ వరుసను తిరగేసింది. పని చేయగా చేయగా, చేసిన పని ఫలితాన్ని కళ్లారా చూడగా, ఆ పనికి సంబంధించినంత మేరకు మనిషిలో కలిగే నమ్మకమే గట్టిగా నిలుస్తుందని, కేవలం మాటలతో ఎక్కించిన ధైర్యం ఎదురుదెబ్బ తగిలినప్పుడు త్వరగా దిగిపోతుందని ఆ పరిశోధన చెబుతోంది. ఇంటర్వ్యూ గదిని, వ్యాయామాన్ని, ఆటస్థలాన్ని విద్యార్థి జీవితంలో దేనికదిగా చూడటం అలవాటైపోయింది గానీ, ఈ మూడు చోట్లా నమ్మకం కుదిరే తీరు ఒకటే కనుక వాటిని కలిపి పరిశీలిస్తే కొన్ని విషయాలు తేటపడతాయి.

నమ్మకానికి నాలుగు ఆధారాలు

కెనడాలోని అల్బెర్టా రాష్ట్రంలో 1925లో పుట్టి, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో దశాబ్దాల పాటు బోధించిన ఆల్బర్ట్ బండూరా 1977లో ప్రచురించిన ఒక వ్యాసం ఈ రంగానికి పునాది వేసింది. ఒక నిర్దిష్టమైన పనిని, ఒక నిర్దిష్టమైన పరిస్థితిలో తాను చేయగలనని మనిషికి ఉండే అంచనాను ఆయన స్వీయ సామర్థ్య విశ్వాసం అన్నారు. ఇది మనిషి మొత్తానికి అంటిపెట్టుకుని ఉండే గుణం కాదు, పనిని బట్టి మారుతుంది. కళాశాల వార్షికోత్సవంలో వందలమంది ముందు వ్యాఖ్యానం చేసే విద్యార్థిని డేటా స్ట్రక్చర్ల మీద ప్రశ్న పడగానే తడబడవచ్చు; నలుగురిలో నోరు విప్పని విద్యార్థి అదే ప్రశ్నకు కాగితం మీద చకచకా బొమ్మ గీసి జవాబు చెప్పవచ్చు. వీరిద్దరిలో ఎవరికి విశ్వాసం ఎక్కువ అని అడిగితే, దేని విషయంలో అన్నది తేలనంతవరకూ ఆ ప్రశ్నకు జవాబు లేదు.

బండూరా ఈ సిద్ధాంతానికి చేరుకున్న దారి గమనించదగినది. 1960ల చివర ఆయనా ఆయన సహచరులూ పాములంటే విపరీతంగా బెదిరిపోయేవారితో ప్రయోగాలు చేశారు. పామును ఊహించుకుంటూ శరీరాన్ని సడలించుకోవడం నేర్పడమూ, ఇతరులు పామును పట్టుకునే దృశ్యాలను చూపించడమూ కొంత ఉపకరించాయి గానీ, శిక్షకుడు పక్కనే నిలబడి, మొదట దూరంనుంచి చూడటం, తర్వాత చేతితొడుగు వేసుకుని తాకడం, ఆపైన వట్టి చేత్తో పట్టుకోవడం అనే మెట్లమీదుగా వారిచేతనే ఆ పని చేయించిన పద్ధతి అన్నిటికంటే మెరుగైన ఫలితమిచ్చింది. దీని ఆధారంగా ఆయన విశ్వాసానికి నాలుగు మూలాలను గుర్తించారు. స్వయంగా సాధించిన అనుభవం వాటిలో మొదటిది, అన్నిటికంటే బలమైనది. తనలాంటివారు సాధించడాన్ని చూడటం రెండోది. నమ్మదగినవారి ప్రోత్సాహం మూడోది. ఒత్తిడి వేళ శరీరం ఇచ్చే సంకేతాలను మనిషి అర్థం చేసుకునే తీరు నాలుగోది.

మొదటి మూలం ఎలా పనిచేస్తుందో చూడటానికి తెలుగువారికి భువనగిరి కంటే మంచి ఉదాహరణ దొరకదు. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన గిరిజన బాలిక, సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ 2014 మే 25న, 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్ట్ శిఖరం చేరుకుంది. వార్తగా అందరికీ గుర్తున్నది ఆ రోజే. అయితే ఈ చర్చకు పనికివచ్చేది అంతకు ముందటి వరుస. ఆమె మొదట ఎక్కింది హిమాలయాలను కాదు, హైదరాబాద్‌కు దగ్గర్లోని భువనగిరి ఏకశిలను. నడుముకు కట్టిన తాడు పట్టును నమ్మడం, బండ మీద వేలు ఆనించేందుకు చోటు వెతుక్కోవడం, కిందికి చూడకుండా తర్వాతి అడుగు మీదే దృష్టి నిలపడం అక్కడే మొదలయ్యాయి. ఆ తర్వాత డార్జిలింగ్‌లోని హిమాలయ పర్వతారోహణ సంస్థలో శిక్షణ, తర్వాత లద్దాఖ్ చలిలో సాధన, ఆ పైననే టిబెట్ వైపునుంచి శిఖరారోహణ. ప్రతి మెట్టూ తర్వాతి మెట్టుకు రుజువైంది. పదమూడేళ్ల పిల్లకు ‘నువ్వు ఎవరెస్ట్ ఎక్కగలవు’ అని మొదటిరోజే చెప్పి ఉంటే అది ఊరడింపుగానే మిగిలేది. బండ ఎక్కి దిగిన తర్వాత ఆమెకు అది తన చేతులకూ కాళ్లకూ తెలిసిన సంగతి.

రెండో మూలంలో కీలకమైనది పోలిక. చూసేవారికి, సాధించినవారికి మధ్య దూరం ఎక్కువైనప్పుడు ఆ విజయం ఆశ్చర్యాన్ని కలిగిస్తుందే గానీ నమ్మకాన్ని కలిగించదు. కళాశాలలు అట్టహాసంగా పిలిపించే ప్రముఖుల ప్రసంగం కంటే, అదే బ్రాంచిలో చదివి, పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలోనే ఉండి, రెండుసార్లు హెచ్‌ఆర్ రౌండ్‌లో ఆగిపోయి మూడోసారి ఉద్యోగం తెచ్చుకున్న సీనియర్ చెప్పే పది నిమిషాల మాట జూనియర్లకు ఎక్కువ మేలు చేయడానికి కారణం ఇదే. ఇక ప్రోత్సాహం సంగతి: అది అవసరమే, కానీ దానికి నేరుగా ముడిపడిన చిన్న విజయం ఒకటి వెంటనే అందకపోతే ఆ మాట మీదే కాక చెప్పిన మనిషి మీద కూడా నమ్మకం సడలుతుంది.

ఇంటర్వ్యూ గదిలో ఏం జరుగుతుంది

ఇంటర్వ్యూలను పరిశోధకులు స్థూలంగా రెండు రకాలుగా చూస్తారు. అభ్యర్థులందరినీ ఒకే ప్రశ్నలు ఒకే వరుసలో అడిగి, ముందే నిర్ణయించుకున్న కొలమానంతో జవాబులకు మార్కులు వేసేది క్రమబద్ధ ఇంటర్వ్యూ. అడిగేవారికి తోచినట్లు సాగేది రెండో రకం. ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ 1998లో 85 ఏళ్ల పరిశోధనలను క్రోడీకరించినప్పుడు, ఉద్యోగంలో అభ్యర్థి పనితీరును ముందుగా అంచనా వేయడంలో క్రమబద్ధ ఇంటర్వ్యూ స్పష్టంగా మెరుగని తేలింది. పాల్ శాకెట్ బృందం 2022లో ఆ లెక్కలను సరిచేసినప్పుడు చాలా పద్ధతుల అంచనా విలువ తగ్గింది గానీ, క్రమబద్ధ ఇంటర్వ్యూ ఎంపిక పద్ధతుల్లో మొదటి స్థానానికి వచ్చింది. విద్యార్థికి ఇందులో ఒక ఊరట ఉంది. సరిగా నడిచే ఇంటర్వ్యూలో అడిగేవారు వెతికేది మెరుపు మాటల కోసం కాదు, చేసిన పనికి ఆనవాళ్ల కోసం.

ఆ ఆనవాలు ఎక్కడ బయటపడుతుందో అనుభవమున్నవారికి తెలుసు. ‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్’ అనే మొదటి ప్రశ్నకు దాదాపు అందరూ కంఠతా పట్టిన జవాబే చెబుతారు. పేరు, ఊరు, తండ్రి వృత్తి, బలాలు, బలహీనతలు అన్నీ ఒకే రాగంలో సాగిపోతాయి. రెండో ప్రశ్న ప్రాజెక్టు మీద పడుతుంది: నలుగురు కలిసి చేసిన ఈ ప్రాజెక్టులో మీరు స్వయంగా రాసిన భాగం ఏది, అది మొదటిసారి పనిచేయనప్పుడు ఏం చేశారు? ప్రాజెక్టును బయట కొనుక్కున్న విద్యార్థి అక్కడే ఆగిపోతాడు. లాగిన్ పేజీ ఒక్కటే రాసినా తానే రాసిన విద్యార్థిని మాత్రం పాస్‌వర్డ్‌ను ముందు సాదా అక్షరాల్లోనే దాచిన సంగతి, లెక్చరర్ అది తప్పని చెప్పిన సంగతి, దాన్ని మార్చడానికి రెండు రాత్రులు పట్టిన సంగతి చెప్పగలుగుతుంది. ఆమె ఇంగ్లిష్‌లో వ్యాకరణ దోషాలు ఉండవచ్చు. అయినా ఆ క్షణంలో ఆమె గొంతులో వినిపించే నిబ్బరం శిక్షణ తరగతుల్లో నేర్పేది కాదు. అది జ్ఞాపకంలోంచి వచ్చేది.

క్యాంపస్ రిక్రూట్‌మెంట్ ట్రైనింగ్ పేరుతో సాగే తరగతుల్లో కరచాలనం ఎలా చేయాలి, టై ఎలా కట్టుకోవాలి, ఎంత నవ్వాలి అన్నవాటికి ఇచ్చే సమయాన్ని చూస్తే బాధ కలుగుతుంది. అవి నిష్ప్రయోజనమని కాదు; కానీ అవి విశ్వాసపు బాహ్యరూపాన్ని మాత్రమే నేర్పుతాయి. సందర్భం ఏమిటి, అందులో తన బాధ్యత ఏమిటి, తాను ఏం చేశాడు, ఫలితం ఏమైంది అనే నాలుగు భాగాల్లో తన అనుభవాన్ని చెప్పుకోవడం విద్యార్థికి నేర్పి, దాన్ని భువనగిరి పద్ధతిలో మెట్లుగా సాధన చేయిస్తే ఫలితం వేరుగా ఉంటుంది: మొదట ఫోన్‌లో రెండు నిమిషాలు రికార్డు చేసుకుని వినడం, తర్వాత గదిలోని స్నేహితుడికి చెప్పడం, తర్వాత సీనియర్‌కు, ఆ తర్వాత బొత్తిగా పరిచయం లేని ఇద్దరు అధ్యాపకుల ఎదుట. ఇంగ్లిష్ మీద పట్టు చాలని విద్యార్థి మొదటి మెట్టును తెలుగులోనే ఎక్కి, చెప్పవలసిన సంగతి స్థిరపడ్డాక భాష మార్చుకోవడంలో తప్పేమీ లేదు. భాషా భయమూ విషయ భయమూ కలిసి మీద పడినప్పుడే చాలామంది కుప్పకూలుతున్నారు.

ఇంటర్వ్యూ భయాన్ని కొలవడానికి జూలీ మెకార్తీ, రిచర్డ్ గాఫిన్ 2004లో రూపొందించిన ప్రశ్నావళి దాన్ని ఐదు పాయలుగా విడదీస్తుంది: మాట సాగదేమోనన్న భయం, తన రూపం గురించిన బెంగ, కొత్తవారితో మసలడంలో సంకోచం, నెగ్గలేనేమోనన్న దిగులు, చేతులు వణకడం వంటి పైకి కనబడే లక్షణాలు. ఈ విభజనవల్ల ఉపయోగం ఉంది. ‘నాకు భయం’ అనే విద్యార్థికి ఏ పాయ బలంగా ఉందో తెలిస్తే దానికి తగిన సాధన చెప్పవచ్చు. గుండె దడకు సంబంధించి మరొక విషయం ఉంది. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కు చెందిన ఆలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, పాడటానికో, మాట్లాడటానికో, లెక్కలు చేయడానికో ముందు తమను తాము శాంతపరచుకోవాలని ప్రయత్నించినవారి కంటే, అదే దడను ‘ఉత్సాహంగా ఉంది’ అని పైకి చెప్పుకున్నవారు మెరుగ్గా రాణించారు. భయమూ ఉత్సాహమూ శరీరంలో దాదాపు ఒకే రకపు కదలిక తెస్తాయి. మనసు దానికి ఏ పేరు పెడుతుందన్నదే తేడా. బండూరా చెప్పిన నాలుగో మూలం ఇదే, వ్యాయామం ఇంటర్వ్యూకు చేరువయ్యే చోటు కూడా ఇదే. రోజూ పరుగెత్తే విద్యార్థికి గుండె వేగంగా కొట్టుకోవడం పరిచయమున్న సంగతి. అది కాసేపటికి సర్దుకుంటుందని అతని శరీరం ఎరుగును. ఏడాదికోసారి మాత్రమే ఆ దడను, అదీ ఇంటర్వ్యూ గది బయట కుర్చీలో కూర్చున్నప్పుడు ఎరిగేవాడికి అది ఆపదలా తోస్తుంది.

ఈవెంట్స్ అయిపోయాక

ఉద్యోగం, వ్యాయామం, పోటీ ఈ మూడూ ఒకేచోట కలిసే సందర్భం తెలుగు నేల మీద ఒకటుంది. పోలీసు కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడగానే విశ్వవిద్యాలయాల మైదానాలు, జిల్లా కేంద్రాల స్టేడియాలు, జూనియర్ కళాశాలల గ్రౌండ్లు తెల్లవారకముందే నిండిపోతాయి. దేహదారుఢ్య పరీక్షలను అభ్యర్థులు ‘ఈవెంట్స్’ అంటారు. తెలంగాణలో 2022 నోటిఫికేషన్ ప్రకారం పురుష అభ్యర్థులు 1,600 మీటర్ల పరుగును 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలు 800 మీటర్ల పరుగును 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తిచేయాలి. నాలుగు వందల మీటర్ల ట్రాక్ మీద పురుషులకు ఇది నాలుగు రౌండ్లు, అంటే రౌండుకు 1 నిమిషం 49 సెకన్లకు కాస్త తక్కువ. కొత్తగా వచ్చినవాడు ఉద్వేగంలో మొదటి రౌండును 85 సెకన్లలో ముగించి, మూడో రౌండు మలుపు దగ్గర నడుము పట్టుకుని ఆగిపోతాడు. రెండు నెలలు సాధన చేసినవాడు పక్కవాళ్లు దాటిపోతున్నా కంగారు పడకుండా తన గడియారాన్ని బట్టి సాగి, ఆఖరి రెండువందల మీటర్లకు ఊపిరి మిగుల్చుకుంటాడు. వీరిలో రెండోవాడికి ఉన్నది అంకెలతో కూడిన నమ్మకం; నిన్న ఎంతలో పరుగెత్తాడో అతనికి తెలుసు.

అయితే ఇదే సన్నివేశం వ్యాయామ ప్రేరణలోని చిక్కును కూడా చూపుతుంది. ఈవెంట్స్ అయిన మర్నాటినుంచి అవే మైదానాలు వెలవెలబోతాయి. ఎంపికైనవారిలోనూ కానివారిలోనూ చాలామంది పరుగు మానేస్తారు. అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ ర్యాన్ అభివృద్ధి చేసిన స్వయంనిర్ణయ సిద్ధాంతం దీన్ని వివరిస్తుంది. బహుమతి కోసమో శిక్ష భయంతోనో చేసేది బాహ్యప్రేరణ. పనిలోని ఆనందం కోసమే చేసేది అంతఃప్రేరణ. డెసీ 1971లో ప్రచురించిన ప్రయోగంలో, ఘనాకార ముక్కలను అమర్చే పజిల్‌ను సరదాగా ఆడుకుంటున్న విద్యార్థుల్లో ఒక జట్టుకు ఒక్కో పరిష్కారానికి ఒక డాలరు చొప్పున ఇచ్చి, తర్వాతి విడతలో ఆ డబ్బు ఆపేశారు. వారు ఖాళీ సమయంలో పజిల్ జోలికి వెళ్లడం తగ్గింది. డబ్బు పోగానే ఆట కూడా పోయింది.

బాహ్యప్రేరణ పూర్తిగా చెడ్డదని దీనికి అర్థం కాదు. ఆ రెండు కొసల మధ్య మరికొన్ని మెట్లు ఉన్నాయని ఆ పరిశోధకులే చెప్పారు. చేయకపోతే తప్పు చేసినట్లుంటుందన్న అపరాధ భావంతో జిమ్‌కు వెళ్లడం ఒక మెట్టు. ఇది తన ఆరోగ్యానికి అవసరమని గుర్తించి, విసుగనిపించినా వెళ్లడం మరింత మేలైన మెట్టు. కానిస్టేబుల్ అభ్యర్థి ఉద్యోగం కోసం మొదలుపెట్టిన పరుగు ఈ మెట్లు ఎక్కాలంటే మూడు అవసరాలు తీరాలి: తన ఇష్టంతో చేస్తున్నానన్న భావం, మెరుగవుతున్నానన్న భావం, తోడున్నారన్న భావం. సాధన రోజుల్లో రెండోదీ మూడోదీ పుష్కలంగా ఉంటాయి. జట్టుగా పరుగెత్తుతారు, టైమింగ్ తగ్గుతుంటుంది. ఈవెంట్స్ ముగిసేసరికి జట్టు చెదిరిపోతుంది, గడియారం ఆగిపోతుంది, ఇష్టమన్నది ఎప్పుడూ లెక్కలోకే రాలేదు. కనుక మానేసినవారిని బద్ధకస్తులనడం అన్యాయం.

నిశ్చయం ఉన్నా ఆచరణ లేకపోవడానికి ఒక పరిష్కారం మనోవిజ్ఞాని పీటర్ గోల్‌విట్జర్ చెప్పిన ఆచరణ సంకల్పం. ‘వ్యాయామం చేయాలి’ అనుకోవడం ఉద్దేశం. ‘ఫలానా రోజు, ఫలానా వేళ, ఫలానా చోట చేస్తాను’ అని రాసుకోవడం ఆచరణ సంకల్పం. బ్రిటన్‌లో 248 మంది విద్యార్థులతో జరిగి 2002లో వెలువడిన అధ్యయనంలో, ఇలా వేళా చోటూ రాసుకున్నవారిలో 91 శాతం మంది ఆ వారం వ్యాయామం చేశారు. వ్యాయామ ప్రయోజనాల గురించి ప్రేరణాత్మక సమాచారం మాత్రమే చదివిన జట్టులోనూ, ఆ సమాచారం చదవని జట్టులోనూ చేసినవారు 40 శాతానికి లోపే. ప్రేరణ ప్రసంగాలకు అలవాటుపడిన కళాశాలలు ఈ ఫలితాన్ని శ్రద్ధగా చూడాలి. లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన ఫిలిపా లాలీ బృందం 2010లో ప్రచురించిన పరిశీలనలో ఒక పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా తేడా ఉంది. మధ్యలో ఒక్కరోజు తప్పితే అలవాటు చెడిపోదని కూడా తేలింది. ఒకరోజు లేవలేకపోయినందుకు మొత్తం మానేసే విద్యార్థులకు ఈ చివరి సంగతి తప్పక తెలియాలి.

గ్లాస్గో నుంచి బాసెల్ దాకా

ఆటలో నమ్మకాన్ని ప్రత్యేకంగా అధ్యయనం చేసిన పరిశోధకురాలు అమెరికాకు చెందిన రాబిన్ వీలీ. ఆమె 1986లో క్రీడా విశ్వాసానికి ఒక నమూనా ప్రతిపాదించారు; 1998లో సహచరులతో కలిసి, క్రీడాకారులు ఆ విశ్వాసాన్ని ఎక్కడినుంచి పొందుతారో తొమ్మిది ఆధారాలుగా గుర్తించారు. నైపుణ్యం మెరుగుపడటం, ఇతరుల కంటే మిన్నగా ఆడి చూపడం, శారీరక మానసిక సన్నద్ధత, కోచ్ నాయకత్వం, సన్నిహితుల అండ వంటివి వాటిలో ఉన్నాయి. వీటిలో కొన్ని ఆటగాడి చేతిలో ఉంటాయి, కొన్ని ఉండవు. ఇతరుల కంటే మిన్న అన్న నమ్మకం ఎదుటివారు మెరుగైనరోజు కూలిపోతుంది. నిన్నటికంటే తాను మెరుగన్న నమ్మకానికి ఎదుటివారితో పని లేదు.

బ్యాడ్మింటన్ క్రీడాకారిణి పీవీ సింధు జీవితంలోని మూడేళ్లను ఈ దృష్టితో చూడవచ్చు. 2016లో రియో ఒలింపిక్స్ ఫైనల్‌లో కరోలినా మారిన్ చేతిలో మొదటి గేమ్ గెలిచి కూడా ఆమె ఓడింది. 2017 ఆగస్టులో గ్లాస్గో ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్‌లో నొజోమి ఒకుహారాతో 110 నిమిషాలు పోరాడింది. రెండో గేమ్‌ను ముగించిన ర్యాలీ ఒక్కటే 73 షాట్లు సాగింది. మూడో గేమ్‌ను 20–22తో కోల్పోయింది. 2018లో కామన్వెల్త్ క్రీడల్లో, నాన్జింగ్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో, ఆసియా క్రీడల్లో కూడా ఫైనల్ దాకా వెళ్లి రజతంతో తిరిగివచ్చింది. ఫైనల్ అంటే ఆమెకు భయమన్న వ్యాఖ్య దేశమంతా వినిపించింది. ఆ మధ్యకాలంలోనే ఆమె ఇండియా ఓపెన్ ఫైనల్‌లో మారిన్‌నూ, కొరియా ఓపెన్ ఫైనల్‌లో ఒకుహారానూ ఓడించిందన్న విషయం ఆ వ్యాఖ్యల్లో కొట్టుకుపోయింది.

ఆమె మనసులో ఏముందో స్కోర్లు చెప్పవు. కానీ ఆ తర్వాతి ఆట చెబుతుంది. 2018 డిసెంబరులో గ్వాంగ్‌జౌలో ప్రపంచ టూర్ ఫైనల్స్ టైటిల్‌ను ఒకుహారా మీదే గెలిచింది. 2019 ఆగస్టు 25న బాసెల్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్, ఎదుట మళ్లీ ఒకుహారా. క్వార్టర్ ఫైనల్‌లో తై జు యింగ్‌కు మొదటి గేమ్ 12–21తో కోల్పోయి, రెండోదాన్ని 23–21తో, మూడోదాన్ని 21–19తో లాక్కుని వచ్చిన సింధు, ఫైనల్‌ను 21–7, 21–7తో 40 నిమిషాలలోపే ముగించింది. గ్లాస్గోలో సుదీర్ఘ ర్యాలీలతో అలసిన ఆటకూ, బాసెల్‌లో మొదటినుంచీ ఎదురుదాడితో ర్యాలీలను త్వరగా తెంచిన ఆటకూ పోలిక లేదు. అంటే, పాత ఓటములను తన అసమర్థతకు సాక్ష్యంగా కాక, మార్చుకోవలసిన ఆటకు సాక్ష్యంగా తీసుకున్నారు ఆమే, ఆమె శిక్షకులూ. ఐదు పెద్ద ఫైనళ్లలో ఓడిన మనిషికి ఐదుసార్లు ఫైనల్ చేరిన రుజువు కూడా చేతిలో ఉంటుంది. వరుసగా నాలుగు సంస్థల ఆఖరి రౌండుకు వెళ్లి ఆగిపోయిన విద్యార్థి తన గురించి తాను చదువుకోవలసింది ఈ విధంగానే: మొదటి మూడు రౌండ్లలో ఏది బాగా వచ్చింది, ఆఖరి రౌండులో ఏ ప్రశ్న దగ్గర మాట ఆగింది?

ఆటలో రాటుదేలినవారు ఇంటర్వ్యూలో కూడా తప్పక నెగ్గుతారనడం మాత్రం సరికాదు. విశ్వాసం పనిని బట్టి ఉంటుంది గనుక అది ఒకచోటినుంచి మరోచోటికి దానంతటదే రాదు. వచ్చేది పద్ధతి: ఓటమి తర్వాత ఆటను మళ్లీ చూసుకోవడం, ఒక లోపాన్ని విడిగా తీసి సాధన చేయడం, దడను ఓర్చుకోవడం. అతివిశ్వాసం గురించి కూడా హెచ్చరిక ఉంది. జెఫ్రీ వాంకూవర్, సహచరులు 2002లో ఒక తర్కక్రీడతో చేసిన ప్రయోగంలో, నమ్మకం పెరిగినకొద్దీ తర్వాతి ఆటలో కొందరి జాగ్రత్త తగ్గి ఫలితం దిగజారింది. ఒక ఆఫర్ చేతికొచ్చాక రెండో ఇంటర్వ్యూకు చదవడం మానేసే విద్యార్థులు అందుకు ఉదాహరణ.

మరో హద్దు ఇంకా ముఖ్యమైనది. ఎంత నమ్మకమున్నా అది ఖాళీలను సృష్టించలేదు. 2023, 2024 సంవత్సరాల్లో ఐటీ సంస్థలు కొత్త పట్టభద్రుల నియామకాలను బాగా తగ్గించాయి; ఆఫర్ లెటర్ అందుకున్నవారు కూడా చేరే తేదీ కోసం నెలల తరబడి ఎదురుచూశారు. మార్కెట్ ముడుచుకున్న ఏడాదిలో ఉద్యోగం రాని విద్యార్థిని నమ్మకం లేనివాడని నిందించడం తప్పే కాదు, హాని కూడా. ఎందుకంటే ఆ నింద అతని తర్వాతి ప్రయత్నానికి కావలసిన ఆధారాన్నే తీసేస్తుంది.

ఆట ఆగిపోయే వయసు

ఇన్ని చెప్పుకున్న తర్వాత తెలుగు విద్యావ్యవస్థ వైపు చూస్తే కలవరం కలుగుతుంది. పదో తరగతి పూర్తిచేసిన పిల్లలు లక్షల సంఖ్యలో అడుగుపెట్టే కార్పొరేట్ జూనియర్ కళాశాలల్లో అత్యధికం అపార్ట్‌మెంట్లవంటి భవనాల్లో నడుస్తాయి. వాటికి మైదానం ఉండదు, రోజువారీ పట్టికలో ఆటకు గంట ఉండదు. సరిగ్గా 15 నుంచి 17 ఏళ్ల మధ్య, శరీరమూ మనసూ కొత్త పనులను సాధించి చూసుకోవాలని తహతహలాడే వయసులో, పిల్లలు తమను తాము కొలుచుకోవడానికి వారాంతపు పరీక్ష ర్యాంకు ఒక్కటే మిగులుతుంది. వీలీ మాటల్లో చెప్పాలంటే, అది ఇతరులతో పోలిక మీద మాత్రమే నిలిచే ఆధారం. ఆ రెండేళ్ల తర్వాత ఇంజినీరింగ్‌లో చేరిన విద్యార్థికి ఓడిపోయి మళ్లీ ఆడిన అనుభవం ఒక్కటీ ఉండకపోతే, మొదటి ఇంటర్వ్యూ తిరస్కరణ అతణ్ని కుంగదీయడంలో వింత లేదు.

ఆడపిల్లల పరిస్థితి మరింత ఇరుకు. చాలా హాస్టళ్లలో సాయంత్రం ఆరు దాటితే గేటు మూస్తారు. ఉన్న గ్రౌండు ఆ వేళకు అబ్బాయిల క్రికెట్‌తో నిండి ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థాయి వ్యాయామం అవసరం. ‘ది లాన్సెట్ గ్లోబల్ హెల్త్’ 2024లో ప్రచురించిన అంచనాల ప్రకారం 2022 నాటికి భారతదేశంలో వయోజనుల్లో సుమారు సగం మంది చాలినంత శారీరక శ్రమ చేయడం లేదు. పురుషుల్లో వీరు 42 శాతం, మహిళల్లో 57 శాతం. ఆ తేడాలో ఇష్టాయిష్టాల పాత్ర కంటే గేట్ల పాత్రే ఎక్కువని తలచడానికి కారణాలు ఉన్నాయి.

కళాశాల యాజమాన్యాలు, ప్లేస్‌మెంట్ అధికారులు ఈ విద్యాసంవత్సరమే చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి, వాటికి ఖర్చు కూడా పెద్దగా లేదు. మాక్ ఇంటర్వ్యూలను ఆఖరి సంవత్సరం దాకా వాయిదా వేయకుండా రెండో ఏడాదినుంచే నెలకొకటి చొప్పున పెట్టాలి. ఇంటర్వ్యూలో నెగ్గని ప్రతి విద్యార్థికీ ఏ రౌండులో, ఏ అంశం దగ్గర ఆగిపోయాడో సంస్థను అడిగి తెలుసుకుని, రాతపూర్వకంగా ఇవ్వాలి. గ్రౌండులో వారానికి మూడు సాయంత్రాలు అమ్మాయిలకే కేటాయించి, హాస్టల్ గేటు మూసే వేళను ఆ మేరకు పొడిగించాలి. ఇంటర్మీడియట్‌లో చేర్పించే తల్లిదండ్రులు కళాశాల ర్యాంకుల పట్టికతో పాటు మైదానం ఎక్కడుందో కూడా అడగాలి. లేదన్న జవాబు వస్తే మరో కళాశాల చూసుకోవాలి.